ఆరు బస్తాల సిమెంటు

గోడ మీద ఎర్ర రంగుతోని
నూటపదిహేడు అని రాసి పోయిన్రు.
ఎందుకని అడిగితే
'మాకేం తెల్వదమ్మా, రాయమన్నరు, రాస్తున్నం' అన్నడు
బ్రష్షు పట్టుకున్న పిలగాడు.
మంచినీళ్లడిగిండు. ఇచ్చిన.
తాగి, గ్లాసు బోర్లించి,
పక్కింటికి నూటపద్దెనిమిది రాసిండు.

నంబరుకు తలా ఒక అర్థం.
గ్యాసు పైపు కోసమని కిష్టాబాయి.
మూసీ ఒడ్డు కొలుస్తున్నరని లింగాజీ,
కొలిచినంక కూలగొడ్తరని ఆయన కొడుకు.
పట్టాలిస్తరంట అని మెల్లగ,
ఎవరన్న వింటె పోతదన్నట్టు, సువార్తమ్మ.
ఒక్క నంబరును ఇన్ని తీర్ల చదివినోళ్లు
బడిల లెక్కలెందుకు తప్పిన్రో.

నేను చీరలకు ఫాల్ కుడ్త, పికో చేస్త.
చీటీ మీద ఇచ్చే తారీఖు రాయాలె.
ఇన్నేండ్లు చెయ్యి దానంతటదే రాసేది.
ఇప్పుడు పెన్ను కాయితం మీద ఆగి
నా మొఖం చూస్తది.
పది దినాలంటె, పది దినాలకు
ఈ మిషను ఈ కిటికీ పక్కన్నే ఉంటదా?
పెండ్లి చీర తెచ్చిన పిల్లకు అదేం చెప్త.
ఇరవై రెండు అని రాసి
చీటీ చింపి చేతుల పెట్టిన.

ఎదురింటి ముక్తార్ భాయ్
మీద ఒక అర్ర వేద్దామని
ఆరు బస్తాల సిమెంటు తెచ్చుకున్నడు,
సరిగ్గ ఈ రంగు పడే నాలుగు దినాల ముందు.
కడ్తె పైసలు మన్నుపాలు,
కట్టకుంటె సిమెంటు వానపాలు.
పొద్దుగాల నమాజు చదివొచ్చి
బస్తాలను ఒక్కొక్కటి బొర్లిస్తడు,
మంచాన పడ్డ మనిషిని
పుండ్లు పడకుండ తిప్పినట్టు.

ముసురు పట్టింది.
గోల్నాక మలుపుల బస్సులు
ఎప్పటి లెక్కనే హారన్ కొడ్తున్నయి.
ఆరో బస్తా ఒక మూల గట్టిపడ్డది.
వేలితోని కొట్టి చూపిచ్చిండు నాకు,
ఖర్బూజ పండు బేరమాడుతున్నట్టు.
నవ్వు రాలె ఇద్దరికీ. తర్వాత వచ్చింది.

మంగళవారం తెల్లారగట్ల నాలుగున్నరకు
నల్లా వచ్చింది.
బిందె ఎత్తుతూ సువార్తమ్మ జారింది.
నల్లా కాడి గచ్చు పగిలి ఏడాదయింది,
చెప్పవలసినోళ్లకు చెప్పి ఏడాదయింది.
మోకాలు గీరుకపోయి
నీళ్లల్ల ఒక సన్నటి ఎర్రగీత
మోరీ దిక్కు నడిచిపోయింది.

ఆ మాపటికి ముక్తార్ భాయ్
ఆరో బస్తా భుజాన వేసుకొని దిగిండు.
గట్టిపడ్డ మూలను సుత్తెతోని కొట్టేసి
మిగిలింది కుమ్మరిచ్చిండు.
'కూలగొట్టే గల్లీకి గచ్చేందే చాచా' అన్నడు
లింగాజీ కొడుకు.
'పర్సో పానీ ఆతా, నై ఆతా?'
'ఆతా.'
'తో ఫిర్?'
అంతే మాట్లాడిండు.

ఇసుక లింగాజీ ఇంటెనుక ఉన్నది.
తాపీ, కిష్టాబాయి పెనిమిటిది.
ఆయన పోయినంక ఎవరూ ముట్టనిది,
గుడ్డల మూట విప్పి తెచ్చి ఇచ్చింది.
నూటపదిహేడు, నూటపద్దెనిమిది, నూటఇరవై
మోకాళ్ల మీద కూసొని సాపు చేసినయి.
నూటపందొమ్మిది సువార్తమ్మ
కుర్చీల కూసొని, వాటం సరిగ లేదని
అందరినీ తిట్టింది.

రాత్రి తడారకముందే
పిల్లి ఒకటి దాని మీదికెళ్లి నడిచింది.
పొద్దుగాల చూస్తె నాలుగడుగులు.
అయిదో అడుగు కాడ ఎందుకో
ఆగి, వెనక్కి మళ్లినట్టున్నది.

ఇంక అయిదు బస్తాలున్నయి.
అర్రకు సాలవు, పారెయ్య మనసొప్పదు.
ముక్తార్ భాయ్ తిప్పుతనే ఉన్నడు.
నంబరు గోడ మీదనే ఉన్నది.
వానకు కొంచెం కారి
చివరి ఏడు కాలు చాపుకున్నది.

ఇయ్యాల ఇంకొకామె వచ్చింది, మూడు చీరలు.
ఎప్పుడిస్తవక్కా అన్నది.
కొత్త గచ్చుకు వారం దినాలు
నీళ్లు చల్లాలంటరు. వంతులేసుకున్నం.
ఇయ్యాల నాది.
తారీఖు రాసి, చీటీ ఇచ్చి,
చెంబు పట్టుకొని బయటికి పోయిన.